980 రావాల్సిందేనా? పరిశోధనను మళ్ళీ చేసి చూడటం ఎవరు, ఎప్పుడు, ఎలా నేర్పారు

ఇంటర్‌లోనో డిగ్రీలోనో లఘులోలకం ప్రయోగం చేసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. దారానికి గుండు కట్టి ఊపుతాం, ఇరవై డోలనాలకు ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూస్తాం, సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం, అంటే జి విలువ వస్తుంది. ఏ రికార్డు తెరిచి చూసినా అది (సెంటీమీటర్లు, సెకన్ల లెక్కలో) 980కి అటో ఇటో ఉంటుంది. ఎందుకుంటుందంటే సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని కింద నుంచి పైకి రాస్తారు కాబట్టి: ముందు జవాబు, ఆ జవాబుకి సరిపోయే రీడింగ్స్ తర్వాత. నేనూ అలాగే రాశాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చేలోగా రికార్డు పూర్తి కావాలన్న టెన్షన్ తప్ప, మేం చేస్తున్నది తప్పని మాలో ఎవరికీ తట్టలేదు, తప్పని చెప్పినవాళ్ళూ లేరు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను పాఠం చెప్పే వైపుకి వచ్చాక తెలిసిన సంగతి ఒకటుంది. 980 అనేది మన దగ్గరి విలువ కానే కాదు. జి విలువ అక్షాంశాన్ని బట్టి మారుతుంది, భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల దగ్గర ఎక్కువ. హైదరాబాద్‌లో అయినా విశాఖలో అయినా అది దాదాపు 978. అంటే తరాల తరబడి మన పిల్లలు తమ చేతిలో ఉన్న దారాన్నీ గుండునీ నమ్మకుండా, ఇక్కడ నిజం కాని ఒక అంకె కోసం రీడింగ్స్ వండుతూ వచ్చారు. కొలిచింది కొలిచినట్టు రాసినవాడికి 977 వచ్చి ఉంటే, వాడిదే సరైన జవాబు, వాడికే మార్కులు తగ్గి ఉంటాయి.

పరిశోధనలో నిక్కచ్చితనం ఎలా నేర్పాలి, ఒకరు చేసింది ఇంకొకరు మళ్ళీ చేస్తే అదే ఫలితం వచ్చేలా పని చేయడం ఏ సబ్జెక్టులో ఎలా అలవాటు చేయాలి అని అమెరికాలో, యూరప్‌లో గత పదిహేనేళ్ళుగా పెద్ద చర్చ నడుస్తోంది. రీప్రొడ్యూసిబిలిటీ అంటున్నారు దాన్ని. సిలబస్‌లు మారుతున్నాయి, కొత్త కోర్సులు వస్తున్నాయి, మన విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ కూడా తనదైన పద్ధతిలో ఒక కోర్సు పెట్టింది. ఇదంతా హఠాత్తుగా పుట్టింది కాదు. దీని వెనకున్న కథ చూస్తే ఒకటి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: పెద్ద పెద్ద తప్పుల్లో కొన్నిటిని పట్టుకున్నది విద్యార్థులు, అదీ ఎవరో చేసిన పనిని మొదటి నుంచి మళ్ళీ చేయబోయి. అందుకే ఈ విషయాన్ని నైతిక బోధగా ఒక గంట చెప్పి వదిలేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఇందులోనే సగం గొడవ ఉంది. ఒకరి డేటా, ఒకరి కోడ్ యథాతథంగా తీసుకుని నడిపితే అవే అంకెలు రావడం ఒకటి. కొత్త మనుషుల మీదో కొత్త ఎలుకల మీదో కొత్తగా ప్రయోగం చేస్తే అదే రకం ఫలితం రావడం ఇంకొకటి. అమెరికా జాతీయ అకాడమీలు 2019లో ఇచ్చిన నివేదికలో మొదటిదాన్ని రీప్రొడ్యూసిబిలిటీ అన్నారు, రెండోదాన్ని రెప్లికబిలిటీ అన్నారు. అంతకుముందు కొన్ని రంగాలవాళ్ళు ఈ రెండు మాటల్నీ సరిగ్గా తిరగేసి వాడేవాళ్ళు, కంప్యూటర్ సైన్స్‌వాళ్ళ పెద్ద సంఘం ఏసీఎం అయితే 2020లో తన నిర్వచనాలను అటుదిటు చేసుకుంది. పేరు ఏదైనా, మొదటిది జరగకపోతే లెక్కలోనో ఫైల్లోనో తేడా ఉన్నట్టు. రెండోది జరగకపోతే తప్పని వెంటనే అనలేం, పరిస్థితులు మారి ఉండొచ్చు, అసలు ఫలితమే గాలివాటంగా వచ్చి ఉండొచ్చు.

1660లో లండన్‌లో పుట్టిన రాయల్ సొసైటీ తన నినాదంగా లాటిన్‌లో పెట్టుకున్న మాటకి అర్థం "ఎవరి మాటా ఊరికే నమ్మొద్దు" అని. ఆ రోజుల్లో రాబర్ట్ బాయిల్ గాలి పంపుతో చేసిన ప్రయోగాలను చదివేవాడి కళ్ళకు కట్టేంత వివరంగా రాసేవాడు, ఓడిపోయిన ప్రయోగాలతో సహా. అయినా కాగితం మీద రాసింది చాలలేదు. డచ్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ తన పంపులో ఒక వింత చూశాడు, గాలి తీసేసినా గొట్టంలో నీళ్ళు కిందికి దిగలేదు. లండన్‌లో ఎవరికీ అలా రాలేదు, నమ్మలేదు. చివరికి 1663లో హైగెన్స్ స్వయంగా లండన్ వెళ్ళాకే అక్కడి పంపులో అది కనిపించింది. పక్కన నిలబడి చూస్తేనే వచ్చే చేతిపనితనం ప్రతి ప్రయోగంలో కొంత ఉంటుంది, అది వాక్యాల్లోకి పూర్తిగా దిగదు. ఈ రోజుకీ బయాలజీ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు సీనియర్ చేతుల వైపు చూసి నేర్చుకునేది అదే.

తర్వాతి రెండు వందల ఏళ్ళు దాటేద్దాం. ఈ రోజు మనం వాడే పనిముట్లు చాలావరకు పొలంలో పుట్టాయి. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1919లో చేరిన స్టాటిస్టీషియన్ ఆర్.ఎ. ఫిషర్, ఒక ఎరువు నిజంగా పనిచేసిందా లేక ఆ మడి నేలే మంచిదా అని తేల్చడానికి ఏం చేయాలో ఆలోచించాడు. ఒకే పరీక్షను చాలా మడుల్లో చేయాలి, ఏ మడికి ఏ ఎరువో చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించాలి. 1925లో వచ్చిన ఆయన పుస్తకం పరిశోధకులందరి బల్లల మీదికి చేరింది, దాంతోపాటే 0.05 అనే గీత కూడా. వట్టి యాదృచ్ఛికంగా ఇలాంటి తేడా రావడానికి నూటికి ఐదు కంటే తక్కువ అవకాశం ఉంటే దాన్ని పట్టించుకోదగ్గ ఫలితం అనొచ్చని. ఒక్కసారి ఆ గీత దాటితే చాలని ఫిషర్ అనలేదు. పద్ధతి ప్రకారం ఎప్పుడు చేసినా దాదాపు ప్రతిసారీ ఫలితం రావాలి, అప్పుడే అది నిజంగా ఉన్నట్టని 1935 నాటి పుస్తకంలో రాశాడు. క్లాసుల్లో 0.05 మిగిలింది, ఈ రెండో మాట జారిపోయింది. ఈ జారిపోవడం దగ్గరే తర్వాతి కష్టాలు చాలా మొదలయ్యాయని నేను నమ్ముతాను.

ఇక్కడ మన దేశం మాట ఒకటి చెప్పి తీరాలి. 1937లో బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో అంచనా కట్టే సర్వే మొదలుపెట్టిన స్టాటిస్టీషియన్ పి.సి. మహలనోబిస్‌కి ఒక చిక్కు ఎదురైంది. పొలాలకు వెళ్ళి రాసుకొచ్చే సర్వేయర్లు సరిగ్గా రాస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది? ఆయన కనిపెట్టిన ఉపాయం చాలా సింపుల్: ఒకే ప్రాంతంలో ఒకదానితో ఒకటి అల్లుకున్నట్టుండే రెండు నమూనాలు తీసి, ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు బృందాలకు విడివిడిగా అప్పగించడం. రెండు బృందాల అంకెలూ దగ్గరగా ఉంటే సరే, దూరంగా ఉంటే ఎక్కడో తేడా ఉందని సర్వే ముగియకముందే తెలిసిపోతుంది. తర్వాత 1950లో మొదలైన నేషనల్ శాంపుల్ సర్వేలోకి కూడా ఈ పద్ధతి వెళ్ళింది. మళ్ళీ చేసి చూడటాన్ని పని పూర్తయ్యాక జరిగే తనిఖీగా కాకుండా పనిలోనే కలిపి కుట్టిన పద్ధతి ఇది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ సంస్థలో చేరి, తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేసిన సి.ఆర్. రావు గారిది ఈ పరంపరే. స్టాటిస్టిక్స్ ఎంఎస్సీ చదివినవాళ్ళకి ఈ పేర్లు సిద్ధాంతాలుగా తెలుసు. చరిత్ర, సోషియాలజీ, లైఫ్ సైన్సెస్ పీహెచ్‌డీ పిల్లల్లో మహలనోబిస్ జంట సర్వేల గురించి విన్నవాళ్ళు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

కంప్యూటర్లు వచ్చాక కథ మలుపు తిరిగింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ క్లేర్‌బౌట్ అనే భూభౌతిక శాస్త్రవేత్త నడిపే బృందం ఉండేది, భూమిలోకి పంపిన ధ్వని తరంగాల నుంచి లోపలి పొరల బొమ్మ గీయడం వాళ్ళ పని. అక్కడ ఎదురైన ఇబ్బంది మన ల్యాబుల్లో ఇప్పుడూ రోజూ చూసేదే. పీహెచ్‌డీ చేసిన సీనియర్ వెళ్ళిపోతాడు, కొత్తగా వచ్చినవాడు ఆ థీసిస్‌లోని బొమ్మను మళ్ళీ రప్పించడానికి నెలల తరబడి తంటాలు పడతాడు, ఏ ఫైలు వాడాడో తెలీదు, ఏ విలువ పెట్టాడో తెలీదు. కొన్నిసార్లు ఆ సీనియర్ తిరిగొచ్చినా తనకే గుర్తుండదు. క్లేర్‌బౌట్ 1990ల మొదట్లో ఒక నియమం పెట్టారు. థీసిస్‌లో ప్రతి బొమ్మా ఒక కమాండ్ కొడితే చెరిగిపోవాలి, ఇంకో కమాండ్ కొడితే మొదటి నుంచి మళ్ళీ తయారవ్వాలి. చెరపడం కూడా నియమంలో భాగమే, ఎందుకంటే చెరిపితేనే మళ్ళీ వస్తుందో లేదో తెలుస్తుంది. అంతేకాదు, వాళ్ళ నివేదికల్లో బొమ్మ కిందే రాసేవాళ్ళు: ఇది సులువుగా మళ్ళీ వస్తుంది, ఇది కొన్ని షరతుల మీద వస్తుంది, ఇది రాదు అని. రానిదాన్ని రాదని రాయడానికి ఒక చోటు కేటాయించడం ఎంత మంచి ఆలోచనో! దాచాల్సిన అవసరం పోతుంది.

స్టాన్‌ఫర్డ్‌లోనే స్టాటిస్టిక్స్ విభాగంలో ఉన్న డోనహో, బకీట్ 1995లో ఇదే ఆలోచనను ఇంకా గట్టిగా చెప్పారు: కంప్యూటర్‌తో చేసిన పరిశోధనలో అచ్చయిన పేపరు ఆ పనికి ప్రకటన లాంటిదే, అసలు పని ఆ బొమ్మలను పుట్టించిన కోడ్, డేటా అంతా కలిపి ఉన్న మూట అని. కోడ్‌నీ రాతనీ ఒకే ఫైల్లో అల్లే స్వీవ్, నిటర్, జుపిటర్ లాంటి పనిముట్లు ఈ దారిలోనే తర్వాత వచ్చాయి. 1998లో గ్రెగ్ విల్సన్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శాస్త్రవేత్తలకు కోడ్ రాయడం, భద్రపరచడం నేర్పుతూ దేశాలన్నీ తిరిగింది.

అదే 1995లో హార్వర్డ్‌లో రాజకీయ శాస్త్రం చెప్పే గ్యారీ కింగ్ ఇంకో దారి పట్టారు. ఒక పేపరు చదివిన ఇంకొకరు, రచయితను ఏమీ అడగకుండానే, ఆ ఫలితాన్ని మళ్ళీ రాబట్టగలిగేంత సమాచారం అచ్చులో ఉండాలని వ్యాసం రాశారు. రాసి ఊరుకోకుండా తన క్లాసులో పిల్లలకు దాన్నే పనిగా ఇచ్చారు: అచ్చయిన ఒక పేపరు ఎంచుకోండి, డేటా సంపాదించండి, అవే అంకెలు రప్పించండి, తర్వాత అందులో ఒకటి మార్చి చూడండి. పిల్లలు చేసింది ఇంకో విద్యార్థి చేతికి వెళ్తుంది, వాడు దాన్ని మళ్ళీ చేసి చూస్తాడు. ఆ క్లాసులో రాసిన పేపర్లు చాలా జర్నల్స్‌లో అచ్చయ్యాయి. అమెరికాలో హావర్‌ఫర్డ్ అనే చిన్న కాలేజీలో ఎకనామిక్స్ టీచర్ రిచర్డ్ బాల్, లైబ్రేరియన్ నార్మ్ మెడీరోస్ కలిసి డిగ్రీ పిల్లలకే ఇది అలవాటు చేశారు: ప్రాజెక్టుతో పాటు ముడి డేటా, దాన్ని శుభ్రం చేసిన కోడ్, ఏది ముందు ఏది వెనక నడపాలో చెప్పే ఒక చిన్న నోట్, అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఇవ్వాలి. ఒక టీచరూ ఒక లైబ్రేరియనూ కలిసి చేశారన్నది గమనించండి, మన కాలేజీల్లో కూడా ఈ ఇద్దరూ ఉంటారు.

క్లాసులో ఇచ్చిన హోంవర్క్ ఎంత దూరం వెళ్తుందో 2013లో ప్రపంచం మొత్తం చూసింది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక పేపరు రాశారు. ప్రభుత్వ అప్పు దేశ స్థూల ఉత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి లెక్కల ప్రకారం సంపన్న దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని తేల్చారు. యూరప్ అప్పుల సంక్షోభంలో ఉన్న రోజులవి. ఖర్చులు కోయాలన్న మంత్రులకు, నాయకులకు ఈ 90 చేతికందిన ఆయుధం అయింది.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో ఎకనామెట్రిక్స్ క్లాసులో ఇచ్చిన అసైన్‌మెంట్ ఏంటంటే, అచ్చయిన ఒక పేపరు తీసుకుని అవే ఫలితాలు రాబట్టడం. థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఈ పేపరు తీసుకున్నాడు. ఎన్నిసార్లు చేసినా ఆ అంకె రాలేదు. ఇలాంటప్పుడు ఏ విద్యార్థికైనా ముందుగా తనమీదే అనుమానం వస్తుంది, టీచర్లు కూడా మళ్ళీ సరిచూసుకో అనే అంటారు. చివరికి రచయితలకే రాస్తే వాళ్ళు తమ ఎక్సెల్ ఫైలు పంపారు. తెరిచి, సగటు తీసిన గడి మీద క్లిక్ చేశాడు. సూత్రం 30వ వరుస నుంచి 49 దాకా ఉండాల్సింది 44 దగ్గర ఆగిపోయింది. ఐదు దేశాలు, ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్, లెక్కలోకే రాలేదు. మౌస్ లాగడంలో జరిగిన పొరపాటు.

అదొక్కటే అయితే తేడా మరీ పెద్దది కాదు. పెద్ద తేడా మిగతా రెండింటి వల్ల వచ్చింది. న్యూజిలాండ్‌కి అప్పు ఎక్కువగా ఉన్న కొన్ని సంవత్సరాలు, వృద్ధి బాగా ఉన్నవి, డేటాలో లేకుండా పోయాయి. మిగిలింది 1951 ఒక్కటే, ఆ ఏడాది వృద్ధి మైనస్ 7.6. పైగా ప్రతి దేశానికీ ఒకే బరువు ఇచ్చారు, కాబట్టి న్యూజిలాండ్ ఒక్క సంవత్సరం బ్రిటన్ పంతొమ్మిది సంవత్సరాలతో సమానమైపోయింది. ఇవన్నీ సరిచేసి తన టీచర్లు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌తో కలిసి హెర్న్‌డన్ లెక్క కడితే సగటు వృద్ధి 2.2 శాతం వచ్చింది. ఎక్సెల్ తప్పును ఆ ఇద్దరు ఆర్థికవేత్తలూ ఒప్పుకున్నారు, అప్పు పెరిగితే వృద్ధి తగ్గుతుందన్న తమ మూల వాదన మాత్రం నిలబడుతుందని అన్నారు, ఆ చర్చ వేరు. నా క్లాసులో ఈ కథ చెప్పి ఎక్సెల్ తెరిపించి, ఒక సగటు సూత్రంలో కావాలని ఐదు వరుసలు వదిలేసి, కనిపెట్టమంటాను. స్క్రీన్ మీద అంకె చూస్తే ఎవరికీ తెలీదు. గడి మీద క్లిక్ చేస్తేనే తెలుస్తుంది.

ఇలాంటిదే అయినా మనసుని ఎక్కువ కలచివేసేది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జరిగింది, ఎందుకంటే అక్కడ మధ్యలో రోగులున్నారు. ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో జన్యువుల తీరు చూసి చెప్పొచ్చని 2006లో అక్కడి నుంచి పేపరు వచ్చింది. కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు స్టాటిస్టీషియన్లు దాన్ని మళ్ళీ చేయబోతే జన్యువుల పేర్ల జాబితా ఒక వరుస కిందికి జరిగిపోయి ఉంది, మందుకి లొంగే కణాలు లొంగనివిగా తారుమారయ్యాయి. ఏం జరిగి ఉంటుందో ఊహించి వెతకడానికే వాళ్ళకి ఎన్నో వందల గంటలు పట్టింది. ఈలోగా రోగుల మీద ట్రయల్స్ మొదలైపోయాయి, వందమందికి పైగా చేరారు. ఇంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటి. 2008లో ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తున్న ఒక మెడికల్ విద్యార్థి ఈ పద్ధతి సరిగ్గా లేదని రాతపూర్వకంగా పెద్దలకు చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. అతను పేపర్ల నుంచి తన పేరు తీయించుకుని ఆ ల్యాబ్ వదిలేశాడు. ట్రయల్స్ పూర్తిగా ఆగేసరికి 2010 వచ్చింది. నిక్కచ్చితనం నేర్పడమంటే విద్యార్థికి నేర్పడం అనే అనుకుంటాం, ఇక్కడ విద్యార్థికి అది ఉంది. వినే అలవాటు లేనిది పైవాళ్ళకి.

సైకాలజీలో తుఫాను 2011లో మొదలైంది. జరగబోయేది మనుషులు ముందే పసిగట్టగలరని తొమ్మిది ప్రయోగాలతో ఒక పేరున్న జర్నల్‌లో డారిల్ బెమ్ పేపరు వచ్చింది, అందరూ వాడే పద్ధతులే వాడి. అదే ఏడాది ముగ్గురు పరిశోధకులు, సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్, ఒక పాట వింటే మనిషి వయసు ఏడాదిన్నర దాకా తగ్గుతుందని "నిరూపించి" చూపించారు. అబద్ధం ఒక్కటీ చెప్పకుండా, ఎంతమందిని తీసుకోవాలో మధ్యలో మార్చుకుంటూ, నచ్చిన పోలికలే బయటపెడితే ఏదైనా 0.05 గీత దాటించొచ్చని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. నెదర్లాండ్స్‌లో స్టాపెల్ అనే ప్రొఫెసర్ డేటా మొత్తం కల్పించి రాసినట్టు బయటపడింది కూడా అప్పుడే, బయటపెట్టింది ఆయన దగ్గరి యువ పరిశోధకులు. 2015లో బ్రయన్ నోసెక్ ఆధ్వర్యంలో 270 మంది కలిసి వంద ప్రయోగాలను మళ్ళీ చేస్తే, అసలు పేపర్లలో 97 శాతం గీత దాటినవి, మళ్ళీ చేసినప్పుడు దాటింది 36 శాతం.

ఇంత పని ఎవరు చేస్తారు అన్న ప్రశ్నకి స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ ఫ్రాంక్, ఎంఐటీలో రెబెకా సాక్స్ 2012లోనే ఒక మాట చెప్పారు: మన క్లాసుల్లో పిల్లలు ఎలాగూ ప్రాజెక్టులు చేస్తారు, మార్కులు వేసి పక్కన పడేస్తాం, దాని బదులు ఈ మధ్య అచ్చయిన ప్రయోగాన్ని మళ్ళీ చేయించండి, వాళ్ళకి చదువూ వస్తుంది, శాస్త్రానికి సమాచారమూ వస్తుంది.

బయాలజీకి వచ్చేసరికి గంట కొట్టింది మందుల కంపెనీలు. ఆమ్‌జెన్‌వాళ్ళు క్యాన్సర్ రంగంలో మైలురాళ్ళనుకున్న 53 పేపర్లను తమ ల్యాబ్‌లో మళ్ళీ చేస్తే ఆరింటికే అదే ఫలితం వచ్చిందని 2012లో రాశారు. ఇక్కడి జబ్బులు ఎక్సెల్ జబ్బులు కావు. ఏ ఎలుకకు మందు ఇచ్చారో తెలిసినవాడే ఫలితం కొలవడం, మగ ఎలుకలనే వాడటం, ఒక రకం కణాలు అనుకుని ఇంకో రకం మీద పనిచేయడం. ల్యాబుల్లో విరివిగా పెంచే హీలా అనే క్యాన్సర్ కణాలు ఇతర కణాల సీసాల్లోకి చొరబడి వాటిని ఆక్రమించేశాయని 1966లోనే స్టాన్లీ గార్ట్‌లర్ చూపించారు, అయినా దశాబ్దాల పాటు ల్యాబులు సరిచూసుకోలేదు. 2016 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ గ్రాంటు అడిగేవాళ్ళు ఇవన్నీ ఎలా చూసుకుంటారో దరఖాస్తులోనే రాయాలంది. దానికింద నాడీ వ్యవస్థ పరిశోధన చూసే విభాగం డబ్బిచ్చి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ కోర్డింగ్ నాయకత్వంలో ఎవరైనా ఉచితంగా వాడుకునే పాఠాలు తయారు చేయిస్తోంది. జాన్స్ హాప్కిన్స్‌లో పీహెచ్‌డీ చదువునే ఈ తీరులో మార్చే ప్రయత్నం జరిగింది. జర్నల్ పేపరు ముందు పెట్టుకుని తప్పులు వెతికించడం వాళ్ళ క్లాసుల్లో ముఖ్యమైన పని.

మరి సాహిత్యం, చరిత్ర, ఆంత్రోపాలజీ? అక్కడివాళ్ళు ఈ మాట వినగానే చిరాకు పడతారు, అందులో న్యాయం ఉంది. ఒక ఊళ్ళో ఏడాది ఉండి రాసినదాన్ని ఇంకొకరు అదే ఊరెళ్ళి మళ్ళీ తీసుకురాలేరు, ఊరూ మారుతుంది, చూసే మనిషీ మారతాడు. అక్కడ అడగాల్సింది వేరు: ఏ ఆధారం నుంచి ఏ నిర్ణయానికి ఎలా వచ్చావో చదివేవాడు వెనక్కి నడిచి చూసుకోగలడా? దీనికి తెలుగులో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సి.పి. బ్రౌన్. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయడానికి ఆయన ఎక్కడెక్కడి తాళపత్రాలూ సేకరించి, పండితుల చేత ఒకదానితో ఒకటి పోల్పించి, పాఠాంతరాలు రాయించారు. ఒక పదం ఒక ప్రతిలో ఒకలా, ఇంకో ప్రతిలో ఇంకోలా ఉంటే ఏది ఎందుకు తీసుకున్నారో తెలియాలి, వదిలేసింది కూడా కనిపించాలి. తెలుగు ఎంఏలో పాఠ పరిష్కరణ చెప్పే మాస్టారు, పక్క బిల్డింగ్‌లో డేటా క్లీనింగ్ చెప్పే మేడమ్, ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారు. వాళ్ళిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టే కోర్సు ఏ యూనివర్సిటీలో అయినా పెడితే బాగుండనిపిస్తుంది.

ఇక మన దగ్గరి విషయం. 2009 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్ తప్పనిసరి చేశాయి. థీసిస్ ఇచ్చేలోగా పేపరు అచ్చవ్వాలన్న షరతు, దాంతోపాటు 2010లో టీచర్ల ప్రమోషన్‌కి పెట్టిన, అచ్చయిన పేపర్లనూ లెక్కవేసే ఏపీఐ పాయింట్లు, ఈ రెండూ కలిసి డబ్బు కడితే అచ్చువేసే జర్నల్స్‌కి పండగ తెచ్చాయి. వాటిని అరికట్టడానికి, నమ్మదగ్గ జర్నల్స్ ఏవో చెప్పే కేర్ జాబితా 2019లో వచ్చింది, అంతకుముందే 2018లో ప్లేజియరిజం, అంటే ఇతరుల రాతను కాపీ కొట్టడం మీద నిబంధనలు వచ్చాయి: పోలిక 10 శాతం లోపు పర్వాలేదు, 10 నుంచి 40 దాకా ఒక స్థాయి, 40 నుంచి 60 ఇంకో స్థాయి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. 2019లో పీహెచ్‌డీలో చేరే ప్రతివాళ్ళకీ రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అని రెండు క్రెడిట్ల కోర్సు, 30 గంటలు, ఆరు యూనిట్లు. డేటాను ఏరుకుని చూపించడం తప్పన్న మాట అందులో ఉంది, దానికి సంతోషమే. కానీ చాలా భాగం ప్రచురణ చుట్టూ, ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ చుట్టూ, పరిశోధకుడికీ జర్నల్‌కీ ఎంత పేరుందో అంకెల్లో చెప్పే హెచ్ ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చుట్టూ తిరుగుతుంది. ఒక పేపరు తీసుకుని మళ్ళీ చేసి చూడమనే యూనిట్ లేదు. పేపరు అచ్చవ్వాలన్న షరతును 2022లో తీసేశారు, కేర్ జాబితాను 2025లో ఆపేశారు.

దీని ఫలితం నేను దగ్గర నుంచి చూస్తున్నాను. పిల్లల భయమంతా శాతం మీదే. "సార్, 14 వచ్చింది, 10 లోపుకి ఎలా తేవాలి?" అని వాక్యాలు తిప్పి రాస్తూ రాత్రుళ్ళు కూర్చుంటారు. ముడి డేటా ఎక్కడుందమ్మా అంటే పాత ల్యాప్‌టాప్‌లో ఉండాలి సార్ అంటారు. మాటలు కాపీ కొట్టారా లేదా అని చూడటానికి మెషీన్ ఉంది. టేబుల్ నాలుగులోని ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగడానికి ఎవరూ లేరు, వైవాలో కూడా. తప్పు పిల్లలది అంటే నేను ఒప్పుకోను. పద్దెనిమిదేళ్ళ వయసులో 980 రావాల్సిందే అని నేర్పింది మనమే.

అందుకని పోయిన ఏడాది నుంచి మా డిగ్రీ మొదటి సంవత్సరం ల్యాబ్‌లో ఒక చిన్న మార్పు చేశాను, గ్యారీ కింగ్ క్లాసు నుంచి తీసుకున్న ఆలోచనే. రికార్డులు మార్చుకోవాలి. ఒకరు రాసింది చూసి, వాళ్ళని ఏమీ అడగకుండా, ఇంకొకరు అదే ప్రయోగం చేయాలి. జి విలువకి మార్కుల్లేవు, ఎలా చేశారో రాసిన తీరుకే మార్కులు. మొదటి వారం ఒకమ్మాయి వచ్చి మెల్లగా అడిగింది, "సార్, నాకు 964 వచ్చింది. అలాగే రాసెయ్యనా?" అలాగే రాయమన్నాను, పొడవు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచిందో అది కూడా రాయమన్నాను. రాసింది: కొక్కెం నుంచి గుండు పైభాగం దాకా 80 సెంటీమీటర్లు, ఇరవై డోలనాలకు 36.2 సెకన్లు. తర్వాతి వారం ఆ రికార్డు అందుకున్న అబ్బాయి అందులో ఉన్నట్టే కట్టి, ఉన్నట్టే కొలిచాడు. వాడికీ 964కి ఒకటి రెండు అటూ ఇటూగా వచ్చింది. ఇద్దరికీ ఒకేలా తప్పు రావడం చూసి కాసేపు ఆ రికార్డునే చూస్తూ కూర్చున్నాడు, తర్వాత లేచి వెళ్ళి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చాడు. గుండు వ్యాసం 2.2 వచ్చింది. లోలకం పొడవు గుండు మధ్య దాకా లెక్క, కాబట్టి వ్యాసంలో సగం, 1.1, ఆ అమ్మాయి రాసిన 80కి కలిపి లెక్క మళ్ళీ వేశాడు, 977 వచ్చింది. ఆ పేజీలోనే ఆమె 964ని కొట్టేయకుండా, కింద తన పేరు, తేదీ వేసి రాశాడు.